పళ్లున్న బెల్టు, పక్కనే పంపు

జర్మనీలో డింగోల్ఫింగ్ అనే ఊళ్లో హాన్స్ గ్లాస్ కంపెనీ మొదట్లో విత్తనాలు నాటే యంత్రాలు చేసేది. తర్వాత స్కూటర్లలోకి, ఆపైన గోగోమొబిల్ అనే బుల్లి కారులోకి దిగింది. పెద్ద కంపెనీలు ఇంకా ఇనుప గొలుసునే నమ్ముకున్న 1962లో ఈ చిన్న కంపెనీ ఇంజిన్‌కు పళ్లున్న బెల్టు తగిలించి, గ్లాస్ 1004 కారును అమ్మకానికి దించింది. పెద్దఎత్తున తయారైన కార్లలో టైమింగ్ బెల్టు మీద నడిచిన మొదటిది అదే.

బెల్టు మాత్రం కారు కోసం పుట్టలేదు. 1940ల్లో అమెరికాలోని ఎల్.హెచ్. గిల్మర్ కంపెనీలో రిచర్డ్ కేస్ దాన్ని కుట్టుమిషన్ కోసం తయారుచేశాడు. పైన సూది, కింద దారం అందుకునే కొక్కెం లెక్క తప్పకుండా కదలాలి. నున్నటి బెల్టయితే జారుతుంది. లోపలివైపు పళ్లు పెడితే జారదు, గొలుసులా చప్పుడు చెయ్యదు, నూనె అడగదు. 1950ల్లో బిల్ డెవిన్ అనే అమెరికన్ రేసు కార్ల తయారీదారు దీన్ని పానార్ ఇంజిన్‌కు బిగించి పరుగు తీయించాడు. 1966లో ఆరేలియో లాంప్రెడి రూపొందించిన ఫియట్ రెండు క్యామ్‌ల ఇంజిన్‌కూ ఇదే బెల్టు వచ్చాక మిగతా కంపెనీల జంకు తీరింది.

దాని పని చెప్పుకోవడానికి సులువే. పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేసరికి, వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్ సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. నిమిషానికి 3,000 చుట్ల వేగంలో ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుంటుంది. బెల్టు తెగితే క్యామ్ నిలిచిపోతుంది, పిస్టన్ మాత్రం వెంటనే ఆగదు. తెరిచి ఉన్న వాల్వును గుద్ది వంచేస్తుంది. కొన్ని పెట్రోలు ఇంజిన్లలో ఆ రెండింటికీ మధ్య ఎడం ఉంటుంది కాబట్టి బండి ఆగడంతో పోతుంది. డీజిల్లో సాధారణంగా ఆ అదృష్టం ఉండదు.

ఇక పంపు. చాలా ఇంజిన్లలో కూలెంటును తిప్పే వాటర్ పంపును కూడా ఈ బెల్టుకే తగిలించారు. తయారీదారుకు ఒక పుల్లీ, ఒక బెల్టు కలిసొచ్చాయి. ఆ పొదుపు ఖర్చు ఏళ్ల తర్వాత యజమాని నెత్తిన పడుతుంది. పంపు సీలు అరిగితే కూలెంటు కారేందుకు దాని ఒంటికి చిన్న రంధ్రం పెడతారు. అంటే దానికి జబ్బు చేస్తే అది చెబుతుంది. బెల్టు చెప్పదు. దాని బలమంతా లోపలి గాజు నార తాళ్లలో ఉంటుంది; పైకి కొత్తదానిలా కనిపిస్తూనే ఒకరోజు పళ్లు రాల్చేస్తుంది. పంపు బేరింగ్ పట్టేసినా నష్టం మొదట బెల్టుకే. రెండింటినీ ఒకేసారి మార్చమని మెకానిక్ పట్టుబట్టడం బిల్లు పెంచడానికి కాదు. పంపు ఖరీదు కన్నా అక్కడిదాకా విప్పే కూలీ ఎక్కువ.

ఈ పని ఇంట్లో చేసుకునేవాళ్లు అమెరికా, ఐరోపాల్లో చాలామంది. మన దేశంలో స్కోడా ఆక్టేవియాతో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ 1.9 టీడీఐ ఇంజిన్‌నే చూద్దాం. ఇంజిన్ పూర్తిగా చల్లారాక కూలెంటు దించాలి. బెల్టు ఒక ఇంజిన్ మౌంట్‌ను చుట్టుకుని ఉంటుంది. అందుకని ఇంజిన్ నూనె సంపు కింద చెక్క పెట్టి జాకీతో ఇంజిన్ బరువు ఆపాకే మౌంట్ విప్పాలి. మొదటి సిలిండర్ పిస్టన్‌ను పైకొసకు తెచ్చి, ఫ్లైవీల్ మీది గుర్తు సరిచూసి, క్యామ్‌నూ డీజిల్ పంపునూ కదలకుండా బిగించాలి. ఓపిక పరీక్ష ఇక్కడే. ఒక్క పన్ను తేడా వచ్చినా వాల్వుల లెక్క మొత్తం చెడుతుంది.

పాత బెల్టు తీశాక మూడు బోల్టులు విప్పితే వాటర్ పంపు ఊడి వస్తుంది. ఈ ఇంజిన్లకు వచ్చిన కొన్ని పంపుల్లో ప్లాస్టిక్ రెక్కల చక్రం ఉండేది. అది విరిగితే చుక్క కారకుండానే ఇంజిన్ వేడెక్కేది. అందుకే చాలామంది లోహపు చక్రమున్న పంపు కొంటారు. కొత్త బెల్టును మడతపడేలా వంచకూడదు, లోపలి గాజు నార విరుగుతుంది. బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ కూడా కొత్తదే వెయ్యాలి. దాని గుర్తులు కలిశాక సెల్ఫ్ కొట్టడానికి తొందరపడకుండా, క్రాంక్‌ను పానాతో చేత్తో రెండు నిండు చుట్లు తిప్పాలి. గుర్తులన్నీ మళ్లీ కలిస్తే సరే. మధ్యలో గట్టిగా అడ్డుకుంటే బలం పెట్టకుండా వెనక్కి వెళ్లి వెతకాలి.

చివరగా కొత్త కూలెంటు, శుద్ధి చేసిన నీళ్లు కలిపి పోసి, హీటర్ పూర్తిగా తెరిచి ఇంజిన్ నడపాలి. హీటర్‌లోంచి వేడి గాలి నిలకడగా వస్తే లోపల గాలి బుడగలు పోయినట్టే. దించిన పాత కూలెంటును కాలువలో పారబోయకూడదు, తెరిచిన పళ్లెంలో వదలకూడదు. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. దాన్ని నాకిన కుక్కలు మూత్రపిండాలు పాడై చచ్చిపోతాయి.