ఆకు రాలినా ఆనవాలు పోదు

కార్తీకం చివరికొచ్చేసరికి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కలంతా వరి కోతల హడావుడి. అదే వేళకు కృష్ణ ఒడ్డున మఠంపల్లి, చింతలపాలెం, దామరచర్ల వైపు మిగిలిన అడవి ఆకు దులపడం మొదలుపెడుతుంది. చలి దేశాల్లోలా ఒక్కసారిగా కాదు. గుంపెన, కొండగోగు ముందుగా బోసిపోతాయి. చిరుమాను ఆకు ఎర్రబారి ఇంకొన్నాళ్లు కొమ్మనే అంటిపెట్టుకుంటుంది. మాఘం వస్తే గానీ అడవంతా మోడు కాదు. చెట్ల లెక్కకు వెళ్లే అటవీ సిబ్బందికి అసలు పరీక్ష ఈ నెలల్లోనే. చదువుకున్న గుర్తుల్లో ఎక్కువ భాగం ఆకు మీద, పువ్వు మీద ఉంటాయి. ఎదురుగా ఉన్నదేమో బెరడు, రెమ్మ, ఎండుకాయ.

కింద రాలిన ఆకును నమ్మకూడదు. పక్క చెట్టుదీ కావచ్చు, గాలి మోసుకొచ్చిందీ కావచ్చు. కొమ్మకు వేలాడే కాయ అబద్ధం చెప్పదు. టేకు కొమ్మల కొనన ఉబ్బిన బుడగల్లాంటి ఎండుకాయల గుత్తులు నెలల తరబడి నిలుస్తాయి. నల్లమద్ది కాయకు అయిదు రెక్కలుంటాయి. ఏగిస కాయ గుండ్రం, నడుమ గింజ, చుట్టూ పలుచని అంచు.

కాయ లేకపోతే బెరడు. తునికి బెరడు బొగ్గులా నల్లగా, పలకలు పలకలుగా చిట్లి ఉంటుంది. చిరుమానుది బూడిద తెలుపు నునుపు. పెచ్చులూడిన చోట లోతు లేని గుంటలు పడతాయి. ఏగిసకు చిన్న గాటు పెడితే నెత్తురులా ఎర్రటి బంక కారుతుంది. గాటు చిన్నదిగానే ఉండాలి. పేరు తెలుసుకోవడానికి చెట్టును గాయపరచడం నాకు ఏనాడూ సమ్మతం కాదు.

తుమ్మజాతి దగ్గర చాలామంది తడబడతారు. నల్లతుమ్మ ముల్లు నిటారు, కాయ పూసలు గుచ్చినట్టు గింజగింజకూ నొక్కుకుపోయి ఉంటుంది. తెల్లతుమ్మను లేత పసుపు కలిసిన తెల్ల బెరడే పట్టిస్తుంది. చండ్ర ముల్లు జంటగా, కొక్కెంలా వంగి ఉంటుంది. బట్టకు తగులుకుంటే వెనక్కి వదలదు.

వీటన్నిటికీ మించిన జ్ఞానం అడవిని నమ్ముకుని బతికేవాళ్లది, వడ్రంగులది. ఎడ్లబండి ఇరుసుకు చిరుమాను కర్ర పనికొస్తుందని కనిపెట్టింది వాళ్లే. 2024 మార్చిలో పాపికొండల జాతీయ పార్కులో నల్లమద్ది మాను మీద గాటు పెడితే నీళ్లు ధారగా చిమ్మాయి. ఆ సంగతి అటవీ అధికారులకు చెప్పింది అక్కడి కొండరెడ్డి గిరిజనులు. ఎండాకాలానికి ఆ చెట్టు మానులో నీరు దాచుకుంటుందని వాళ్లకు ముందే తెలుసు.

పేరు తేలడం కాగితం మీద కూడా ముఖ్యమే. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున, ఛాతీ దగ్గర, చుట్టుకొలత తీసి జాతివారీగా రాస్తారు. అటవీ భూమిని వేరే అవసరానికి మళ్లించేటప్పుడూ ఇదే లెక్క అడుగుతారు. దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం లేచింది అటవీ భూమిలోనే. ఇలాంటి చోట పేరు తేలని చెట్టు ‘ఇతర జాతులు’ అనే గడిలో పడిపోతుంది. ఏ చెట్టు పోయిందో రాసి లేకపోతే, బదులుగా ఏ మొక్క నాటాలో ఎవరూ చెప్పలేరు. తేలిగ్గా దొరికే నర్సరీ మొక్క నాటి చేతులు దులుపుకుంటారు. చండ్రకు, చిరుమానుకు అంతకన్నా అన్యాయం లేదు.

ములుగు అటవీ కళాశాల, దూలపల్లి అకాడమీ పాఠాలకు తోడు ఊరి పెద్దల మాట కూడా నమోదు కావాలి. ఈ ప్రాంతపు బడుల్లో పాఠాలు చెప్పే పంతుళ్లకు, బీటు అధికారులకు ఒక మనవి: ఈ చలికాలం పోకముందే ఊళ్లో చెట్లు ఎరిగిన ముసలివారిని వెంటబెట్టుకుని అడవికి వెళ్లండి. వాళ్లు చెప్పిన పేరు, చూపిన బెరడు, కాయ మూడూ కలిపి రాసి పెట్టండి.