మార్కులు బాగున్నా అర్జీ పెట్టండి

ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ కుదరని ఇబ్బంది) ఉన్న హైస్కూలు పిల్లల చదువు గురించి రాస్తున్నాను. నేను ఇక్కడ అమెరికాలో పబ్లిక్ స్కూల్లో స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్‌ని. మా అబ్బాయికీ ఈ ఇబ్బంది ఉంది. డాక్టర్లు, మందుల సంగతి మీకు తెలిసిందే కాబట్టి స్కూలుకు రాసివ్వాల్సిన ఒక్క ఉత్తరం గురించే చెబుతాను.

మన పిల్లలు చాలామంది ఎయిత్ గ్రేడ్ దాకా తెలివితో నెట్టుకొస్తారు. పక్కన కూర్చుని హోంవర్క్ చేయించే అమ్మ ఎలాగూ ఉంటుంది. నైన్త్‌కి వచ్చేసరికి ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో టీచరు, ఒక్కో గడువు. మావాడు లెక్కలన్నీ చేసేవాడు. చేసిన కాగితం బ్యాగు అడుగున, ఎప్పటిదో అరటితొక్క కింద నలిగి ఉండేది. పోర్టల్‌లో మాత్రం ఎర్రగా ‘మిస్సింగ్’. దాన్ని బద్ధకమనో పొగరనో తిట్టకండి. పని మొదలుపెట్టడం, వరసలో పెట్టుకోవడం, పూర్తి చేసింది తీసుకెళ్లి ఇవ్వడం చూసుకునే మెదడు భాగాలు ఈ పిల్లల్లో సుమారు మూడేళ్లు ఆలస్యంగా ఎదుగుతాయని 2007లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు స్కాన్లతో చూపించారు. ఆడపిల్లల్లో చాలాసార్లు అల్లరి కూడా కనిపించదు. నెమ్మదైన పిల్ల అని మెచ్చుకుని వదిలేస్తారు.

నేను స్కూలుకు ఫోన్ చేస్తే కౌన్సెలర్ ‘మార్కులు బాగానే ఉన్నాయిగా, కంగారుపడకండి’ అన్నారు. మరుసటి ఏడాదికి ఆ కౌన్సెలర్ వెళ్లిపోయారు. నేను అడిగినట్టు ఎక్కడా ఒక్క ముక్క లేదు. ఒక సంవత్సరం చదువు అలా పోయింది. మార్కుల మాట మన చెవులకు తియ్యగా ఉంటుంది కాబట్టి మనమూ ఆగిపోతాం. ఆగకండి. మంచి మార్కులు వస్తున్నాయన్న ఒక్క కారణంతో ఇలాంటి పిల్లలకు సాయం కాదనకూడదని 2016లో అమెరికా విద్యాశాఖ స్కూళ్లకు పంపిన మార్గదర్శకాల్లోనే ఉంది.

ఉత్తరంలో రెండు వాక్యాలు చాలు: మా బిడ్డకు ఏడీహెచ్‌డీ ఉంది, లేదా ఉందని అనుమానిస్తున్నాం, 504 ప్లాన్‌కూ (క్లాసులో ఇచ్చే వెసులుబాట్లు) ఐఈపీకీ (ప్రత్యేక విద్యా ప్రణాళిక) రెండిటికీ పరీక్షించమని కోరుతున్నాం. తేదీ తప్పకుండా వెయ్యండి. ప్రిన్సిపాల్‌కీ కౌన్సెలర్‌కీ ఈమెయిల్ చేసి కాపీ దాచుకోండి. తర్వాత స్కూలు ఒప్పుకుంటే ఒక సమ్మతి పత్రం పంపుతుంది. అసలు చిక్కు అక్కడే. ఐఈపీ పరీక్షలకు ఫెడరల్ చట్టం ఇచ్చిన 60 రోజుల గడువు మీ ఉత్తరం తేదీ నుంచి మొదలవదు, ఆ పత్రం మీద మీరు సంతకం పెట్టి ఇచ్చాకే మొదలవుతుంది. కొన్ని రాష్ట్రాలకు సొంత లెక్క ఉంది, అదీ అడగండి. ఆ పత్రాన్ని ఫ్రిజ్ మీద అతికించి మరిచిపోవద్దు, అందిన రోజే పంపండి. పరీక్షలు కుదరవని స్కూలు అంటే కారణం రాసిమ్మనండి.

ఇంత తొందర ఎందుకంటే, స్కూల్లో 504 ఉన్నా కాలేజీ ప్రవేశ పరీక్ష ఎస్‌ఏటీలో అదనపు సమయం దానంతటదే రాదు. స్కూలు కోఆర్డినేటర్ ద్వారా ఆ పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డుకు వేరే అర్జీ పెట్టాలి, దానికి ఏడు వారాల దాకా పడుతుంది. ఏసీటీ పరీక్షకు మళ్లీ వేరే. ఇక కాలేజీకి వెళ్తే ఐఈపీ వెంట రాదు. డిజబిలిటీ ఆఫీసుకు వెళ్లి బిడ్డే అడగాలి. అందుకని టెన్త్ గ్రేడ్ నుంచే మీటింగుల్లో వాళ్లనే మాట్లాడనివ్వండి.

‘రికార్డులో పడితే సీటు రాదేమో’ అని నన్ను అడగని తల్లి లేదు. కాలేజీలకు వెళ్లే ట్రాన్‌స్క్రిప్ట్‌లో బిడ్డకు వైకల్యం ఉందని రాయకూడదు. అదనపు సమయంతో రాసిన ఎస్‌ఏటీ స్కోరు మీద గుర్తు వెయ్యడం కాలేజ్ బోర్డు 2003లోనే మానేసింది.

మాది చీరాల దగ్గర వాడరేవు. 1921లో మునిసిపాలిటీ పన్ను అన్యాయమని చీరాల, పేరాల జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట ఇళ్లు వదిలి, రామ్‌నగర్‌లో పాకలు వేసుకుని 11 నెలలు ఉన్నారు. హక్కు కోసం అంత చేసిన సీమ మనది. స్కూలుకు ఈమెయిల్ పంపడానికి మొహమాటపడతామా? పైగా గుంటూరు హాస్టళ్లలో చదివే మన అక్కచెల్లెళ్ల పిల్లలకు ఈపాటి దారి కూడా లేదు. అక్కడి 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు.

సెలవుల్లో పిల్లల్ని ఊరికి తీసుకెళ్లండి. క్లాసులో పది నిమిషాలు కూర్చోలేని మావాడు వాడరేవు ఒడ్డున చేపల వేలంపాట మొదటినుంచి చివరిదాకా చూసి, ఏ గంప ఎంతకు పోయిందో తాతయ్యకు వరసగా చెప్పాడు. ఆ తాతయ్యకూ ఈ సంగతి విడమరిచి చెప్పండి, అర్థం చేసుకుంటారు. ప్రయాణంలోనూ కాగితం జాగ్రత్త. ఏడీహెచ్‌డీ మందుల్లో కొన్ని ఇండియాలో 1985 నాటి మత్తుపదార్థాల చట్టం కిందికొస్తాయి. ఫార్మసీ లేబులున్న సీసాలోనే, డాక్టరు ఉత్తరంతో, చేతిసంచిలో పెట్టుకోండి. గల్ఫ్ మీదుగా వెళ్తుంటే అక్కడి నిబంధనలు టికెట్టు కొనకముందే చూసుకోండి.