మంచు కురిస్తే కష్టం, కురవకుంటే భయం

డిసెంబరు చివరి దినాలు. సాయంకాలం నాలుగు దాటిందో లేదో శ్రీనగరంలో వెలుతురు సన్నగిల్లుతుంది. ఆకాశం బూడిద వన్నెకు తిరిగి, కొండ శిఖరాలను కప్పివేసి, ఇళ్ల పైకప్పులను తాకేటంత కిందికి దిగినట్లు కనిపిస్తుంది. గాలి ఉన్నట్లుండి స్తంభిస్తుంది. ఇంట్లో పెద్దవారు కిటికీ తెరచి ఒక్కసారి పైకి చూచి, ‘ఈ రాత్రి శీన్ పడుతుంది’ అంటారు. కాశ్మీరీ భాషలో శీన్ అంటే ఆకాశం నుండి రాలే మంచు.

తెల్లవారేసరికి ఊరు ఊరంతా మారిపోయి ఉంటుంది. గోడలు, చెట్లు, పడవలు, చెత్తకుప్పలు సైతం ఒకే తెల్లదనంలో మునిగి ఉంటాయి. కొత్తగా కురిసిన మంచులో పదింట తొమ్మిది వంతులు గాలే. ఆ గాలి గదులలో చిక్కి శబ్దం అణగిపోతుంది. అందుకే మంచు కురిసిన ఉదయాన నగరంలో అంత నిశ్శబ్దం. కొద్దిసేపటికి పిల్లల కేకలతో ఆ నిశ్శబ్దం చెదిరిపోతుంది. తొలి మంచునాడు ఒక వేడుక ఉన్నది. గుప్పెడు మంచును ఏ కాగితంలోనో, గుడ్డలోనో మూటగట్టి, ఏమీ ఎరుగనట్లు మిత్రునికో బంధువుకో అందిస్తారు. తెలియక పుచ్చుకొన్నవారు ఓడినట్లే, విందు చేయవలసిందే.

తెలుగు దేశంలో పుట్టినవారికి ఈ దృశ్యాన్ని ఊహించడం కొంచెం కష్టం. మన భాషలో అన్నిటికీ మంచు ఒక్కటే మాట. పుష్య మాసపు వేకువను పొలాల మీద పొగలా కమ్మేదీ మంచే. గడ్డిపరక కొసన నిలిచే బిందువూ మంచే. హిమాలయం మీద పేరుకొన్నదీ మంచే. ‘ఆంధ్రా కాశ్మీరం’ అని పేరుపడ్డ లంబసింగిలో శీతకాలపు ఉదయాలలో గడ్డిపై తెల్లగా కనిపించేది నేలనంటిన తేమ గడ్డకట్టినదే గాని మేఘం నుండి రాలినది కాదు. కాశ్మీరంలో కురిసే మంచుకు బరువున్నది, లోతున్నది, ప్రాణాలు తీసే శక్తి ఉన్నది. ప్రాణాలు నిలిపే శక్తీ ఉన్నది.

డెబ్బది దినాల లెక్క

కాశ్మీరీలు తమ శీతకాలాన్ని మూడు భాగాలుగా లెక్కిస్తారు. డిసెంబరు 21న ఆరంభమై నలుబది దినాలు సాగేది ‘చిల్లై కలాన్’, అనగా పెద్ద చలి. తరువాతి ఇరువది దినాలు ‘చిల్లై ఖుర్ద్’, చిన్న చలి. చివరి పది దినాలు ‘చిల్లై బచ్చా’, పసి చలి. ఈ మూడూ గడిస్తే మార్చి వచ్చినట్లే.

ఈ లెక్క కేవలం ముచ్చట కోసం పుట్టినది కాదు. చిల్లై కలాన్‌లో కురిసిన మంచు గడ్డకట్టి, పొర మీద పొరగా పేరుకొని కొండలపై నిలుస్తుంది. వసంతంలోనూ వేసవిలోనూ మెల్లమెల్లగా కరిగి సెలయేళ్లకు, జీలం నదికి, వరి మళ్లకు నీరందిస్తుంది. అదే మంచు ఫిబ్రవరి చివర ఎంత కురిసినా ఎండకు త్వరగా కరిగి, అవసరం రాకముందే పారిపోతుంది. కాశ్మీరపు రైతుకు మంచు ఎంత కురిసిందన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు కురిసిందన్నదీ అంతే ముఖ్యం.

ఈ మంచును మోసుకొని వచ్చేవి మధ్యధరా సముద్ర ప్రాంతంలో పుట్టి తూర్పుగా సాగివచ్చే వాయు అలజడులు. మనకు నైఋతి ఋతుపవనం ఎటువంటిదో, శీతకాలంలో కాశ్మీరానికి ఇవి అటువంటివి. అవి రాకపోతే అక్కడ కరవే.

ఒడిలోని కుంపటి

చలిని ఎదిరించడానికి కాశ్మీరీ కనిపెట్టుకొన్న సాధనాలు రెండు. ఒకటి ‘ఫెరన్’, మోకాళ్లను దాటి వేలాడే వదులైన ఉన్ని అంగీ. రెండవది ‘కాంగ్రీ’. చిన్న మట్టికుండ చుట్టూ సన్నని పుల్లలతో బుట్ట అల్లి, అందులో బొగ్గులు నింపి, ఫెరన్ లోపల పట్టుకొని తిరుగుతారు. నివురు గప్పిన నిప్పు అన్న మన మాటకు అక్కడ ప్రతి ఒడిలోనూ ఒక నిదర్శనం కనిపిస్తుంది. చినార్ ఆకులు రాలే ఋతువులో వాటిని పోగుచేసి కాల్చి బొగ్గు చేసుకొనడం స్త్రీల పని. చరార్-ఎ-షరీఫ్‌లో అల్లిన కాంగ్రీలకు లోయ అంతటా గిరాకీ ఉన్నది.

వేసవిలో వంటింటి స్త్రీలు చేసిన శ్రమ ఈ దినాలలోనే ఫలిస్తుంది. సొరకాయ, వంకాయ, టొమాటో ముక్కలను దండలు గుచ్చి ఎండబెట్టిన ఒరుగులు బయటికి వస్తాయి. రహదారి మూసుకొని కూరగాయలు రాని రోజులలో ఒకనాడు ఇవే దిక్కు. నేడు దారులు మెరుగుపడినా ఆ రుచిని వదులుకొనడానికి ఎవరూ సిద్ధంగా లేరు. ఇక పాత శ్రీనగరం సందులలో తెల్లవారక ముందే జనం గుమిగూడేది ‘హరీసా’ కోసం. మాంసాన్ని బియ్యంతో, దినుసులతో రాత్రంతా సన్నని సెగపై ఉడికించి, మెత్తగా చిదిమి, కాగిన నూనె పోసి వడ్డిస్తారు. మంచు కురిసే వేకువన వేడి రొట్టెతో దానిని తినడం అక్కడివారికి ఒక పండుగ.

అయితే వెచ్చదనానికి కూడ మూల్యం ఉన్నది. దశాబ్దాల తరబడి కాంగ్రీ సెగ తగిలిన తొడలపైన, పొట్టపైన చర్మం కమిలి, కొందరిలో అది క్యాన్సర్‌గా మారుతుందని వైద్యులు పందొమ్మిదవ శతాబ్దంలోనే గుర్తించారు. తలుపులు బిగించి గదిలో బొగ్గులు రాజేసి నిద్రించినవారు, వాసన లేని విషవాయువు పీల్చి తెల్లవారేసరికి మరి లేవని సంఘటనలు దాదాపు ప్రతి శీతకాలంలోనూ వినవస్తాయి.

తెల్లని బరువు

చూడడానికి దూదిలా కనిపించే మంచు ఎంత తూగుతుంది? ఒక చదరపు మీటరు కప్పుపై ఒక అడుగు మందాన పడిన తాజా మంచు సుమారు 30 కిలోలు ఉంటుంది. నూరు చదరపు మీటర్ల ఇంటిపై అది మూడు టన్నులన్న మాట. తడిసి గట్టిపడితే ఆ బరువు అనేక రెట్లు పెరుగుతుంది. కాశ్మీరపు ఇళ్లకు ఏటవాలు రేకుల కప్పులు ఉండడానికి కారణమిదే. ఎండ వచ్చినపుడు ఆ కప్పు మీది మంచు ఒక్కసారిగా ఉరుము వంటి ధ్వనితో జారిపడుతుంది. ఆ వేళ చూరు కింద నిలబడడం ప్రమాదం. చూరులకు మర్రి ఊడల వలె వేలాడే మంచు శూలాలు చూడ ముచ్చటగా ఉంటాయి గాని, అవీ తెగిపడేవే.

ఇంటిలో మరొక యాతన నీరు. నీరు గడ్డకట్టినపుడు సుమారు పదకొండింట ఒక వంతు వ్యాకోచిస్తుంది. ఆ ఒత్తిడికి ఇనుప గొట్టాలు కూడ పగులుతాయి. ఉదయాన కొళాయి కింద కాగితాలు మండించి నీటి కోసం కాచుకొని ఉండే గృహిణులు అక్కడ సామాన్య దృశ్యం. విద్యుత్తుదీ ఇటువంటి చిక్కే. నదుల నీరంతా కొండలపై మంచుగా బిగిసిపోవడంతో, దీపానికి, వేడికి అవసరం మిక్కుటమైన దినాలలోనే జలవిద్యుత్ ఉత్పత్తి తగ్గిపోతుంది.

వేళ తప్పి కురిసిన మంచు మరీ క్రూరమైనది. 2018 నవంబరు మొదటి వారంలో, ఇంకా ఆకులు రాలని ఆపిల్ చెట్లపై భారీగా మంచు కురిసింది. ఆకులు పట్టి నిలిపిన ఆ బరువుకు కొమ్మలు విరిగాయి, కొన్ని చెట్లు నిలువునా చీలిపోయాయి. మరుసటి ఏడు నవంబరులో మళ్లీ అదే విపత్తు. ఆపిల్ చెట్టు నాటిన తరువాత నిండుగా కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఒక రాత్రి కురిసిన మంచు ఒక కుటుంబపు అనేక సంవత్సరాల ఆశను నేలగూల్చగలదు.

అన్నిటినీ మించిన భయం కొండవాలులది. ముప్పది నుండి నలుబది అయిదు డిగ్రీల వాలుపై పాత మంచు పొర మీద కొత్త పొర పేరుకొన్నపుడు, వాటి మధ్య పట్టు సడలితే పై పొర అంతా ఒక్కసారిగా కిందికి దూసుకువస్తుంది. 2005 ఫిబ్రవరిలో దక్షిణ కాశ్మీరంలోని వాల్టెంగు నాడ్ గ్రామంపై ఇటువంటి హిమపాతం విరుచుకుపడి 150 మందికి పైగా మరణించారు. మంచు కింద చిక్కినవారిని పది, పదిహేను నిమిషాలలో వెలికితీస్తే బ్రతికే అవకాశం ఎక్కువ. అరగంట దాటితే ఆశ వేగంగా సన్నగిల్లుతుంది. అందుకే సమీపంలో ఉన్నవారి పారలూ చేతులే మొదటి రక్షక దళం.

దారులు, క్రీడలు

మంచు మనుషులను విడదీస్తుంది, సొరంగాలు కలుపుతాయి. 1956లో బనిహాల్ కొండను తొలిచి జవాహర్ సొరంగం తెరచినపుడు లోయకు శీతకాలంలోనూ దారి దొరికింది. 2020లో హిమాచల ప్రదేశంలో తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం లాహౌల్ ప్రజలకు, 2025 జనవరిలో సోన్‌మార్గ్ సొరంగం ఆ పరిసరాలవారికి అదే మేలు చేశాయి. అదే ఏడు జూన్‌లో కట్రా నుండి శ్రీనగరానికి రైలు నడిచింది. శీతకాలమంతా దారి లేని గ్రామంలో ప్రసవ వేదన పడే స్త్రీకి సొరంగం అంటే ప్రాణం.

మంచు బ్రతుకుతెరువు కూడ. 2,650 మీటర్ల ఎత్తున ఉన్న గుల్మార్గ్‌లో స్కీయింగ్ క్రీడ 1927 నుండి వ్యవస్థితంగా సాగుతున్నది. తీగపై నడిచే గొండోలా ప్రయాణికులను సుమారు 3,950 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. జీవితంలో తొలిసారి మంచును చూచిన దక్షిణాది యాత్రికులు దోసిట పట్టి నవ్వుతూ ఉంటే, స్లెడ్జి బండి లాగే కూలీకి, గుర్రాలవానికి, హోటలు వంటవానికి ఆ నవ్వే ఆ పూట అన్నం.

కురవని మంచు

2024 జనవరిలో ఆ నవ్వు వినిపించలేదు. చిల్లై కలాన్ దాదాపు పూర్తిగా పొడిగా గడిచింది. గుల్మార్గ్ పచ్చికబయళ్లు గోధుమ రంగులో బోసిగా ఉండిపోయాయి. యాత్రికులు ప్రయాణాలు రద్దు చేసుకొన్నారు. నెల చివర గాని మంచు జాడ కనిపించలేదు. 2025 ఫిబ్రవరిలో జాతీయ శీతకాల క్రీడలను మంచు చాలక వాయిదా వేయవలసి వచ్చింది. ఆ నెలలోనే మొగలుల ఉద్యానవనానికి ప్రాణమైన అచ్ఛబల్ నీటి ఊట ఎండిపోయింది.

కాశ్మీరీ గృహస్థుకు ఇప్పుడు రెండు దిగుళ్లు. మంచు కురిస్తే కప్పు, కొళాయి, దారి, కొండవాలు. కురవకుంటే నీరు, పంట, కూలి. చలి తగ్గితే ఆపిల్ చెట్టుకూ నష్టమే. సరిగా పూయాలంటే దానికి శీతకాలంలో వెయ్యి గంటల చలి కావాలి. కష్టమే అయినా ఏటా ఎదురుచూచే కష్టం అది.

అందుకే డిసెంబరు సాయంకాలాలలో బూడిద వన్నె ఆకాశం కిందికి దిగినపుడు, లోయలోని ముసలివారు ఫెరన్ లోపల కాంగ్రీని దగ్గరకు తీసుకొని కిటికీ వద్ద కూర్చొంటారు. గొట్టాలకు గోనెపట్టా చుట్టి ఉంటుంది. మంచు తోసే పార తలుపు వెనుక సిద్ధంగా ఉంటుంది. తొలి తునక రాలేవరకు మాత్రం ఎవరికీ నిద్ర పట్టదు.