పాత కెమేరాకు సెలవా?

“పాతొక రోత, కొత్తొక వింత” అన్నారు పెద్దలు. కెమేరా విషయంలో మాత్రం ఈ సామెత పూర్తిగా చెల్లదు. ఇంట్లో జరిగిన పెళ్ళిళ్ళూ పేరంటాలూ అన్నీ చూసిన పాత కెమేరాను చంకకు తగిలించుకుని, అబిడ్సులో దుకాణపు అద్దాల ముందు నిలబడితే ఎవరి మనసైనా ఊగిసలాడుతుంది. దీన్ని బాగుచేయించుకోవడమా, కొత్తది కొనడమా?

ఈ చిక్కు హైదరాబాదుకు కొత్తది కాదు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఛాయాగ్రాహకుడైన రాజా దీనదయాళ్ (1844-1905) వయసులో వున్న రోజుల్లో తడిపలకల పద్ధతి వుండేది. గాజుపలకకు మందు పూసి, తడి ఆరకముందే ఫొటో తీసి, అక్కడికక్కడే కడగాలి. అందుకని డేరా, మందుసీసాలూ వెంట మోసుకుపోవలసి వచ్చేది. పొడిపలకలు వచ్చాక ఆ బెడద తీరింది. అటువంటి మార్పును కాదనడం తెలివి కాదు. కాని కొత్తగా వచ్చినదల్లా అంత మేలు చేయదు.

అందుచేత ముందు చూడవలసింది ఫిలిం. 1901లో కొడాక్ తెచ్చిన 120 ఫిలిం నేటికీ తయారవుతున్నది. అదే కంపెనీ 1930 దశకంలో తెచ్చిన 620 ఫిలిం 1995లో ఆగిపోయింది. రెండింటి వెడల్పూ ఒకటే. కండె మాత్రమే సన్నం. చీకటిగదిలో 120 ఫిలింను పాత 620 కండెకు చుట్టుకునే ఓపిక వుంటే, ఆ కెమేరాకు ఇంకా నూకలున్నట్టే.

తరువాత ఒళ్ళు చూడండి. ముడతల తిత్తి వున్న కెమేరా అయితే, చీకట్లో లోపల టార్చిలైటు వెలిగించండి. బయటికి వెలుగు చుక్క కనిపించిందంటే తిత్తికి చిల్లి పడ్డట్టు. ఒక సెకండు వేగంలో షట్టరు నొక్కి, గడియారంతో పోల్చండి. లెన్సులో సాలెగూడు వంటి మరకలుంటే చెమ్మకు బూజు పట్టిందన్నమాట. చిల్లికి అతుకు వేయవచ్చు. షట్టరు శుభ్రం చేయించవచ్చు. బూజు గాజును తినేస్తే మాత్రం ఆ మరక పోదు.

అసలు పరీక్ష నాంపల్లిలో వుంది. 1938లో పబ్లిక్ గార్డెన్సులో మొదలై, 1946లో ఇప్పటి మైదానానికి వచ్చిన నుమాయిష్‌కు ఒక సాయంత్రం వెళ్ళండి. దీపాల వెలుగులో రంగులరాట్నం మీద తిరిగే పిల్లవాణ్ణి పట్టుకోవడం ఒకే వేగం గల పెట్టె కెమేరా తరం కాదు. అక్కడ డిజిటల్ కెమేరాదే పైచేయి. ఎండలో కుర్చీ వేసి తాతగారిని కూర్చోబెడితే, ఆ పెట్టె కెమేరాయే ముచ్చటైన ఫొటో తీసిపెడుతుంది.

కాబట్టి నిరుడు తీయలేకపోయిన ఫొటోలను ఒక కాగితం మీద రాసుకోండి. కెమేరాకు చేతకాక పోయినవెన్ని? బీరువాలోంచి తీయక పోయినవెన్ని? మొదటివి ఎక్కువైతే నిస్సంకోచంగా కొత్తది కొనండి. రెండోవి ఎక్కువైతే కొత్తదీ ఆ బీరువాలోనే కూర్చుంటుంది.

ఏది చేసినా పాత నెగెటివులను మాత్రం పారేయకండి. కెమేరా పోతే మరొకటి దొరుకుతుంది. తాతగారి నెగెటివు దొరకదు.