ఆర్కిడ్లకు వేసవిలో నీళ్ళు ఎలా పోయాలి?

ఎండలు ముదిరితే మనకు దాహం ఎక్కువవుతుంది. మొక్కలకూ అంతే అనుకుని కుండీల్లో రెట్టింపు నీళ్ళు పోస్తాం. మల్లె, మందారం, తులసి ఆ నీళ్ళు తాగి కళకళలాడతాయి. ఆర్కిడ్ సంగతి వేరు. కొద్ది రోజుల్లో దాని ఆకులు ముడతలు పడి వేలాడతాయి. నీళ్ళు చాలలేదేమోనని ఇంకా పోస్తాం. చివరికి కుండీలోంచి తీసి చూస్తే వేళ్ళు గోధుమరంగుకు తిరిగి, మెత్తగా కుళ్ళిపోయి ఉంటాయి. అంటే ఆ మొక్క నీళ్ళ మధ్యనే ఉండి నీళ్ళందక చచ్చిపోయిందన్నమాట! ఇలా ఎందుకు జరుగుతుంది?

చెట్టు మీద కాపురం

మన ఇళ్ళలో పెంచే ఫెలనాప్సిస్, డెండ్రోబియం, వాండా వంటి ఆర్కిడ్లలో చాలావాటి స్వస్థలం నేల కాదు, చెట్టుకొమ్మ. కొమ్మ మీద మొలిచిన దేన్నయినా పల్లెల్లో 'బదనిక' అనేస్తుంటారు. నిజానికి బదనిక తానున్న చెట్టు నుంచి నీటిని, లవణాలను లాక్కునే పరాన్నజీవి. ఆర్కిడ్ అలా కాదు. దానికి చెట్టు ఆసరా మాత్రమే. ఇటువంటి మొక్కలను వృక్షోపజీవులు అంటారు. మన తూర్పు కనుమల్లో కనిపించే వాండా టెస్సెల్లేటా ఇందుకు మంచి ఉదాహరణ.

కొమ్మ మీద మట్టి ఉండదు. వాన కురిసినప్పుడు బెరడు వెంట జారే నీటినే పట్టుకోవాలి. ఇందుకోసం ఆర్కిడ్ వేరు చుట్టూ వెలమిన్ అనే కణజాలం ఉంటుంది. ఎదిగిన వెలమిన్‌లోని కణాలు నిర్జీవమైనవి. కణకవచాలు మాత్రమే మిగిలి, స్పంజిలా ఉంటాయి. పొడిగా ఉన్నప్పుడు ఆ గదుల నిండా గాలి ఉంటుంది కనుక వేరు వెండిలా తెల్లగా మెరుస్తుంది. నీరు తగలగానే గదులు నిండి పారదర్శకమవుతాయి. లోపలి పత్రహరితం బయటికి కనిపించి వేరు ఆకుపచ్చగా మారుతుంది.

జోట్స్, వింక్లర్ అనే వృక్షశాస్త్రజ్ఞులు 2013లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, వెలమిన్ నీటిని నిమిషాల్లో పీల్చుకుంటుంది. అది ఆరిపోవడానికి కొన్ని గంటలు పడుతుంది. త్వరగా తడవడం, నెమ్మదిగా ఆరడం - ఇదీ ఈ వేరు అలవాటు పడిన జీవితం.

వేరు ఊపిరాడక...

వేరు కూడా శ్వాసిస్తుంది. దానికీ ఆక్సిజన్ కావాలి. గాలిలో వ్యాపించే వేగంతో పోలిస్తే ఆక్సిజన్ నీటిలో సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. పైగా నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గిపోతుంది. లీటరు నీటిలో 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 35 డిగ్రీల వద్ద 7 మిల్లీగ్రాములే కరుగుతుంది. అదే సమయంలో వేడికి వేరు శ్వాసక్రియ పెరుగుతుంది. అవసరం పెరిగినప్పుడే సరఫరా తగ్గుతుందన్నమాట. ఎప్పుడూ తడిగా ఉండే కుండీ చలికాలంలో కన్నా వేసవిలో ఎక్కువ ప్రమాదకరం కావడానికి కారణం ఇదే.

ఈ సంగతి తెలియక 19వ శతాబ్దంలో ఇంగ్లండులో లెక్కలేనన్ని ఆర్కిడ్లు నాశనమయ్యాయి. ఉష్ణమండలం నుంచి వచ్చిన మొక్కలు కనుక వేడి, ఆవిరి, నీడ ఉండాలని వాటిని మూసిన గాజు ఇళ్ళలో ఉక్కపోతలో పెట్టేవారు. వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ హుకర్ 1850లో ఖాసీ కొండల్లో నీలి వాండాను చూశాడు. అది చిన్న చిన్న ఓక్ చెట్ల మీద ఎండకూ, వానకూ, గాలికీ ఎదురొడ్డి పెరుగుతోంది. ఆ మొక్కనే తమ దేశంలో ఉక్కపోతలో బంధిస్తున్నారని 1854లో వెలువడిన తన యాత్రాగ్రంథంలో ఆయన ఎత్తిచూపాడు. అయితే ఆయన బృందం కూడా ఏడుగురు మనుషులు మోసేంత నీలి వాండాను సేకరించింది. వాటిలో ప్రాణాలతో ఇంగ్లండు చేరినవి కొన్నే!

తుంపర చేసే పని

స్ప్రేయరుతో తుంపర చల్లితే నీళ్ళు పోసినట్లే అనుకోకూడదు. తుంపర ముఖ్యంగా గాలిని చల్లబరుస్తుంది, కాసేపు తేమను పెంచుతుంది. ఎయిర్ కూలరు పనిచేసేదీ ఈ సూత్రం మీదనే. నీరు ఆవిరవుతూ చుట్టుపక్కల వేడిని గ్రహిస్తుంది. మే నెల మధ్యాహ్నం హైదరాబాదులో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉందనుకోండి. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు సుమారు 23 డిగ్రీలు చూపుతుంది. విశాఖపట్నంలో 34 డిగ్రీలు, 75 శాతం తేమ ఉంటే అదే థర్మామీటరు 30 దగ్గర ఆగిపోతుంది. కనుక హైదరాబాదు బాల్కనీలో తుంపర బాగా పనికొస్తుంది. సముద్రతీరంలో దానివల్ల ఒనగూడేది తక్కువ. అక్కడ గాలి ఆడేలా చూడటమే ముఖ్యం.

మధ్యాహ్నం చల్లితే నీటిబొట్లు భూతద్దాల్లా పనిచేసి ఆకులను కాలుస్తాయని చాలామంది నమ్ముతారు. హంగరీ శాస్త్రజ్ఞులు 2010లో దీన్ని పరీక్షించారు. నున్నని ఆకు మీద బొట్టు నాభి ఆకుకు దిగువన ఎక్కడో పడుతుంది కనుక ఆకు కాలదని తేలింది. అసలు ప్రమాదం రాత్రివేళది. ఫెలనాప్సిస్ ఆకుల నడుమ గుంటలో రాత్రంతా నీరు నిలిస్తే మొవ్వు కుళ్ళుతుంది. అందుకే తుంపర ఉదయం పూటే చల్లి, గుంటలో నిలిచిన నీటిని గుడ్డ కొనతో అద్దాలి.

ఎప్పుడు, ఎంత?

రోజుకో గ్లాసు, వారానికి రెండుసార్లు అనే లెక్కలు పెట్టుకోకండి. వేరును చూడండి. పచ్చగా ఉంటే ఆగండి. వెండి రంగుకు తిరిగితే పోయండి. వేళ్ళు కనబడకపోతే కుండీని చేత్తో ఎత్తి బరువు చూడండి. వేలాడదీసిన వాండాకు ఎండాకాలంలో రోజూ నీరు కావాలి. బొగ్గు, పెంకు ముక్కల్లో నాటిన డెండ్రోబియంకు రోజూ లేదా రోజు విడిచి రోజు అవసరం కావచ్చు. తడిని పట్టి ఉంచే నాచులో నాటిన ఫెలనాప్సిస్ మూడు నాలుగు రోజులైనా ఆగుతుంది. పోసినప్పుడు మాత్రం అడుగు రంధ్రాల గుండా ధారాళంగా కారేంత పోయాలి. కింది పళ్ళెంలో నీరు నిలవనీయకూడదు.

ఎరువు - చిటికెడు చాలు

అడవిలో ఆర్కిడ్‌కు అందే ఎరువు ఆకుల మీది దుమ్ము, పక్షి రెట్టలు వాననీటిలో కరిగి వచ్చినదే. ఆ పలచని ద్రావణంలోని విద్యుదావేశం గల అయాన్లను వెలమిన్ పట్టి ఉంచుతుందని పైన చెప్పిన 2013 పరిశోధన చూపింది. కనుక కొంచెం ఎరువైనా వృథా పోదు. ఎక్కువైతే అదే వేరును ముంచుతుంది: బయటి ద్రావణం చిక్కబడి, ద్రవాభిసరణం వల్ల వేరులోని నీరే బయటికి వస్తుంది.

బజారులో దొరికే 19-19-19 ఎరువును లీటరుకు అర గ్రాము, అంటే పది లీటర్లకు సుమారు ఒక టీస్పూను కలిపితే చాలు. ఇందులో లీటరుకు 95 మిల్లీగ్రాముల నత్రజని ఉంటుంది. వారానికి ఒకసారి, ముందు మామూలు నీటితో వేళ్ళను తడిపి, ఆ తర్వాత పోయాలి. మొక్క వాడిపోయి ఉంటే, ఎండ మరీ తీవ్రంగా ఉంటే మానేయాలి.

బోరు నీటితో మరో చిక్కుంది. లీటరుకు 500 మిల్లీగ్రాముల లవణాలున్న నీటిని రోజుకు అర లీటరు చొప్పున పోసి, అదంతా కుండీలోనే ఆవిరైతే నెలకు 7.5 గ్రాముల ఉప్పు మిగులుతుంది. కుండీ అంచున తెల్లని పొర కడుతున్నదంటే ఇదే కారణం. నెలకోసారి వాననీటితో గాని, లవణాలు తక్కువగా ఉన్న నీటితో గాని కుండీని బాగా కడిగేయాలి.

మీ ఇంట్లో ఆర్కిడ్ ఉంటే ఒక వారం పాటు ఈ పరిశీలన చేయండి. ఉదయం నీళ్ళు పోసి, వేరు మళ్ళీ తెల్లబడటానికి ఎన్ని గంటలు పట్టిందో రాసుకోండి. ఆనాటి ఉష్ణోగ్రతను, ఎండను, గాలిని దాని పక్కన వేయండి. వారం తిరిగేసరికి మీ ఇంటికి, మీ మొక్కకు సరిపోయే నీటి లెక్క మీకే తెలుస్తుంది.