బ్రౌజర్ లోపలికి ఎవరిని రానిస్తున్నాం?

హాస్టల్ గదిలో నలుగురైదుగురికి కలిపి ఒక సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్. 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్. ఈ-పాస్‌లో స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపుతుంటే పేజీ తిరుగుతూనే ఉంటుంది. కుల ధ్రువీకరణ పత్రం అప్‌లోడ్ సగంలో ఆగిపోతుంది, మళ్లీ మొదటి నుంచి. గడువుకు ముందు రోజు ఇలా జరిగితే పోయేది ఒక గంట కాదు, ఏడాది ఫీజు. అప్పుడు ఎవరో ఒకరు "ఈ బ్రౌజర్ వదిలేయ్, అది దించుకో" అంటారు. దించుకుంటాం. వారం రోజులు బాగానే పరుగెడుతుంది, తర్వాత అదీ మొరాయిస్తుంది. మొదటి వారం వేగంగా ఉండటానికి కారణం సులువే: అందులో ఇంకా ముప్పై ట్యాబ్‌లు లేవు, పది యాడ్-ఆన్లు లేవు. తేడా బ్రౌజర్ పేరులో తక్కువ, మనం లోపల నింపే సరుకులో ఎక్కువ.

పేర్లు చాలానే ఉన్నా, లోపల నడిపే ప్రధాన ఇంజన్లు మూడే. క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, శాంసంగ్ ఫోన్లలో వచ్చే బ్రౌజర్ ఇవన్నీ గూగుల్ ముందుండి నడిపే క్రోమియం కుటుంబం. ఫైర్‌ఫాక్స్‌ది గెకో, ఆపిల్ సఫారీది వెబ్‌కిట్. క్రోమ్ నుంచి ఎడ్జ్‌కు మారడమంటే ఇల్లు మారడం కాదు, అదే ఇంట్లో గది మారడం. ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేసే మొజిల్లా వెనుక లాభాపేక్ష లేని ఫౌండేషన్ ఉంది. దాని ఆదాయంలో పెద్ద భాగం గూగుల్‌తో సెర్చ్ ఒప్పందం నుంచే వస్తుందన్నదీ నిజమే. ఈ రంగంలో పూర్తి స్వతంత్రులు దొరకడం కష్టం.

నెమ్మదికి కారణం కనుక్కోవడానికి ఊహలు అక్కర్లేదు. విండోస్ కంప్యూటర్లో షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ మూడింటిలోనూ బ్రౌజర్ సొంత టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. ఏ ట్యాబ్ ఎంత మెమరీ తింటోందో, ఏ యాడ్-ఆన్ ఎంత లాగుతోందో అక్కడే కనిపిస్తుంది. ఇంకో పరీక్ష ఉంది. అదే సైటును ఇన్‌కాగ్నిటో లేదా ప్రైవేట్ విండోలో తెరవండి. మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప యాడ్-ఆన్లు ఆ విండోలో పనిచేయవు. అక్కడ వేగంగా వస్తే ముందుగా అనుమానించాల్సింది యాడ్-ఆన్లనే. అక్కడా నెమ్మదిగానే ఉంటే అదే సైటును ఫోన్లో చూడండి. ఫోన్లోనూ రాకపోతే తప్పు నెట్‌దో, సైటుదో. గడువు రోజుల్లో సర్కారు సర్వర్లు చతికిలబడితే ఏ బ్రౌజరూ చేయగలిగింది లేదు.

ర్యామ్ నిండిపోతే విండోస్ ఆ భారాన్ని డిస్క్ మీదికి నెడుతుంది. తిరిగే పాత హార్డ్ డిస్క్ ఉంటే అంతా అక్కడే ఆగుతుంది. అందుకే దరఖాస్తు నింపేటప్పుడు మిగతా ట్యాబ్‌లు మూసేయండి. చేతిలో కాస్త డబ్బు ఉంటే ఎస్‌ఎస్‌డి వేయించండి, ఏ బ్రౌజర్ మార్పూ అంత తేడా చూపించదు. "క్యాష్ తుడిచేయ్" అనే సలహా మాత్రం అతిగా వాడుతున్నారు. పేజీ మళ్లీ త్వరగా తెరుచుకోవాలనే బ్రౌజర్ ఆ ఫైళ్లను దాచుకుంటుంది. రోజూ తుడిస్తే డేటా ఖర్చు పెరుగుతుంది. సైటు పాత రూపంలోనే ఇరుక్కుపోయినప్పుడు తుడిస్తే చాలు.

ఇక ప్రకటనలు. ఫలితాల రోజు "రిజల్ట్స్ ఇక్కడే" అనే సైట్లు తెరిస్తే అసలు సమాచారం రెండు లైన్లు, చుట్టూ వీడియో ప్రకటనలు. "నోటిఫికేషన్లు చూపించాలా" అని అడిగితే తొందరలో "అలౌ" నొక్కేస్తాం. తర్వాత మూలన లాటరీ, వైరస్ హెచ్చరికలు వరుసగా వస్తుంటే కంప్యూటర్‌కు వైరస్ పట్టిందని భయపడతాం. చాలాసార్లు అది వైరస్ కాదు, మనమిచ్చిన అనుమతే. సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల జాబితా తెరిచి ఆ సైట్లను తీసేస్తే ఆగిపోతుంది.

యాడ్-ఆన్ల విషయంలో ఇంత తేలిగ్గా ఉండలేం. చాలా యాడ్-ఆన్లు పెట్టుకునేటప్పుడు "అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను చదవగలదు, మార్చగలదు" అని ఒక వాక్యం వస్తుంది. అది ఉన్నదున్నట్టు నిజం. బ్యాంకు పేజీ, మెయిల్, ఆధార్ నంబర్ నింపుతున్న దరఖాస్తు అన్నీ అందులోకే వస్తాయి. గ్రేట్ సస్పెండర్ అనే యాడ్-ఆన్ సంగతి చూడండి. వాడని ట్యాబ్‌లను నిద్రపుచ్చి మెమరీ మిగిల్చేది. అచ్చం మనలాంటి పాత ల్యాప్‌టాప్‌ల వాళ్లకోసమే పుట్టినట్టుండేది, లక్షలమంది వాడారు. 2020లో దాన్ని రాసినతను వేరేవాళ్లకు అప్పగించాడు. 2021 ఫిబ్రవరిలో అందులో మాల్వేర్ ఉందని చెప్పి గూగుల్ దాన్ని స్టోర్ నుంచి తీసేసింది. పెట్టుకున్న రోజున మంచిదే, చేతులు మారాక కాదు. అప్‌డేట్ మాత్రం అడగకుండానే వచ్చేసింది. భద్రత పేరుతో వచ్చేవాటినీ గుడ్డిగా నమ్మలేం. వాడకందారుల బ్రౌజింగ్ వివరాలు అమ్ముకున్నందుకు యాంటీవైరస్ సంస్థ అవాస్ట్‌పై 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1.65 కోట్ల డాలర్ల చెల్లింపు విధించింది. ఆ వివరాలు సేకరించిన మార్గాల్లో దాని యాడ్-ఆన్లు కూడా ఉన్నాయి.

అలాగని ఒక్కటీ వద్దనడం లేదు. యూబ్లాక్ ఆరిజిన్ లాంటి మంచి ప్రకటనల నిరోధకం ఒక్కటి ఉంటే పాత యంత్రంలో పేజీలు తేలికవుతాయి, డేటా మిగులుతుంది. బ్రౌజర్ ఎంపిక నిజంగా ముఖ్యమయ్యేది ఇక్కడే. గూగుల్ మేనిఫెస్ట్ వీ3 అనే కొత్త నిబంధనలు తెచ్చి, 2024 నుంచి పాత పద్ధతి యాడ్-ఆన్లను ఆపేస్తూ వచ్చింది. క్రోమ్‌లో ఇప్పుడు దొరికేది ఆ నిరోధకం తేలిక రూపం, లైట్ మాత్రమే. పూర్తి రూపం ఫైర్‌ఫాక్స్‌లో పనిచేస్తోంది, ఆండ్రాయిడ్ ఫోన్లోని ఫైర్‌ఫాక్స్‌లో కూడా. ఫోన్ క్రోమ్‌లో యాడ్-ఆన్లకు చోటే లేదు. ప్రకటనలు నడిపే కంపెనీయే బ్రౌజర్ నడిపితే ఆ నియమాలు ఎటు మొగ్గుతాయో వేరే చెప్పాలా? నన్నడిగితే పాత ల్యాప్‌టాప్‌కు ఫైర్‌ఫాక్స్, ఆ ఒక్క యాడ్-ఆన్. ఏదైనా సర్కారు సైటు అందులో సరిగా తెరుచుకోకపోతే దానికోసం ఏ యాడ్-ఆన్లూ లేని క్రోమ్ పక్కన ఉంచుకోవచ్చు.

సొంత కంప్యూటర్ లేక నెట్ సెంటర్‌కో, మిత్రుడి గదికో వెళ్లేవాళ్లు క్రోమ్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి "గెస్ట్" ఎంచుకోవాలి. అందులో ఆ యంత్రంలోని యాడ్-ఆన్లు పనిచేయవు, విండో మూయగానే చరిత్ర పోతుంది. డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు మాత్రం పోవు. ఆధార్, కుల, ఆదాయ పత్రాల పీడీఎఫ్‌లు డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో అలాగే ఉండిపోతాయి. వాటిని తుడిచి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసి లేవాలి.

కార్యకర్తలు ఇంకొకటి గమనించాలి. ఇన్‌కాగ్నిటో దాచేది అదే కంప్యూటర్ వాడే మరొకరి నుంచి మాత్రమే, నెట్ ఇచ్చే సంస్థ నుంచి గానీ సైట్ల నుంచి గానీ కాదు. ఏ బ్రౌజరూ అన్నిటినీ ఆపలేదు కూడా. భీమా కోరేగావ్ కేసులో నిందితుడైన రోనా విల్సన్ ల్యాప్‌టాప్‌ను పరిశీలించిన అమెరికా సంస్థ ఆర్సెనల్ కన్సల్టింగ్ నివేదిక 2021లో బయటకు వచ్చింది. వరవరరావు ఖాతా నుంచి వచ్చిన ఈమెయిల్లోని ఫైల్ తెరవబోయినప్పుడు నెట్‌వైర్ అనే మాల్వేర్ చొరబడిందని, తర్వాత దాని ద్వారానే పత్రాలు పెట్టారని అది చెప్పింది. ఎన్‌ఐఏ దాన్ని అంగీకరించలేదు. తెలిసినవాళ్ల పేరుతోనే వచ్చినా, అడగని ఫైల్ వస్తే తెరవకముందు వాళ్లకొక ఫోన్ చేయండి.