స్కాన్ రిపోర్టులో ‘లిక్కర్’ అంటే ఉమ్మనీరే

యాప్రాల్ నుంచి సైనిక్‌పురి, ఈసీఐఎల్ వైపు స్కానింగ్‌కు వెళ్లొచ్చే గర్భిణులకు చివరి నెలల్లో అందే రిపోర్టులో ‘లిక్కర్ అడిక్వేట్’ అని ఉంటే ఇంట్లో పెద్దవాళ్లు ఉలిక్కిపడతారు. అది సారా మాట కాదు, ఉమ్మనీరు సరిపడా ఉందని అర్థం. లాటిన్‌లో ద్రవానికి ఆ పేరు.

చివరి నెలల్లో ఈ నీరు ఎక్కువగా బిడ్డ మూత్రమే. 34-36 వారాల తర్వాత కొద్దికొద్దిగా తగ్గడం మామూలే. దాన్ని రెండు రకాలుగా కొలుస్తారు. పొట్టను నాలుగు భాగాలు చేసి, ఒక్కో దాంట్లో లోతైన నీటి గుంటను కొలిచి కూడితే ఏఎఫ్ఐ. ఇది 5 నుంచి 24 సెంటీమీటర్ల దాకా ఉంటే సాధారణం. రెండోది, అన్నిటికన్నా లోతైన ఒక్క గుంటనే చూడడం. అది 2 నుంచి 8 మధ్య ఉండాలి.

చిక్కు ఇక్కడే వస్తుంది. ఏఎఫ్ఐ 4.5 వచ్చినామెకు లోతైన గుంట 2.6 ఉండొచ్చు. ఒక లెక్కలో నీళ్లు తక్కువ, ఇంకో లెక్కలో సరిపోయాయి! ఏఎఫ్ఐ ఒక్కదాన్నే నమ్మితే నొప్పులు తెప్పించే మందులు, ఆపరేషన్లు పెరుగుతాయే గానీ బిడ్డలకు అదనంగా మేలు కనిపించలేదని పరిశోధనలు తేల్చాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. అందుకే “లోతైన గుంట ఎంతుంది డాక్టరమ్మా?” అని అడగడం తప్పేమీ కాదు. నీళ్లు బాగా తాగితే కొంత పెరగొచ్చు. రంజాన్ నెలైతే రోజాను తర్వాతికి వాయిదా వేసుకునే వీలు షరియత్‌లోనే ఉంది.

ఇక బిడ్డ పొజిషన్. ‘సెఫాలిక్’ అంటే తల కిందికి ఉంది, ‘బ్రీచ్’ అంటే పిరుదులో కాళ్లో ముందు. ఏడో నెలలో బ్రీచ్ అని రాసినా దిగులొద్దు, చాలామంది తిరుగుతారు. నెలలు నిండేసరికి నూటికి ముగ్గురు, నలుగురే అలా మిగులుతారు. 36-37 వారాల్లో డాక్టరు పొట్టపై నుంచి చేతులతో తిప్పి చూడొచ్చు, దాదాపు సగం మందిలో కుదురుతుంది. ఇంట్లో నూనె రాసి పొట్ట నొక్కించడం మాత్రం ప్రమాదం. అడ్డంగా ఉన్న బిడ్డ విషయంలో నీళ్లు పోతే బొడ్డుతాడు జారొచ్చు.

కదలికలు తగ్గినా, నీరు కారినా రిపోర్టులో అంకె ఎంతున్నా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పాత స్కాన్ కాగితాలన్నీ వెంట ఉంచుకోండి.